ఫాల్‌కి అప్లై చేశావా?

“చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ఎనలేని ఆసక్తి. మా నాన్నగారు ఇంటికి మొదటి కంప్యూటర్ తెచ్చిన రోజే నా దారేమిటో నాకు తెలిసిపోయింది.”

ఇంట్లో కంప్యూటరే లేని పిల్లల ఎస్‌ఓపీల్లో కూడా ఈ వాక్యాలు ఉంటాయి. ఎస్‌ఓపీ అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. విదేశీ యూనివర్సిటీకి పీజీ కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు తానెవరో, ఇంతవరకూ ఏం చేశాడో, అక్కడికే ఎందుకు రావాలనుకుంటున్నాడో విద్యార్థి తన మాటల్లో చెప్పుకోవాల్సిన రెండు పేజీల కాగితం. దరఖాస్తులో మిగతావన్నీ ఎవరో ఒకరు ఇచ్చేవే. మార్కులు యూనివర్సిటీ ఇస్తుంది. స్కోరు పరీక్ష పెట్టిన సంస్థ ఇస్తుంది. సిఫార్సు లెటర్లు లెక్చరర్లు ఇస్తారు. బ్యాంకు బ్యాలెన్స్ సంగతి నాన్న చూసుకుంటాడు. పిల్లవాడి గొంతు వినపడే చోటు ఇదొక్కటే. మన దగ్గర అది కూడా బయట కన్సల్టెన్సీల్లో రాయించుకునే పనైపోయింది. పేరు, కాలేజీ, ప్రాజెక్టు ఓ ఫారంలో నింపి ఇస్తే మూడో రోజుకల్లా వాట్సాప్‌లో వచ్చి పడేది. ఇప్పుడు అన్ని రోజులు కూడా అక్కర్లేదు, చాట్‌జీపీటీ నిమిషంలో ఇచ్చేస్తోంది. భాష మెరుగుపడింది. నాన్నగారు తెచ్చిన కంప్యూటర్ మాత్రం అలాగే ఉంది.

సెప్టెంబరు దాటితే బీటెక్ ఫైనలియర్ పిల్లలున్న ఇంటికి ఏ చుట్టం వచ్చినా అడిగే మొదటి ప్రశ్న “ఫాల్‌కి అప్లై చేశావా?” అనే. ఫాల్ అంటే ఆగస్టులో మొదలయ్యే సెమిస్టరని అమ్మమ్మలకు కూడా తెలుసు. పేరున్న యూనివర్సిటీలు డిసెంబరు 1, డిసెంబరు 15 అంటూ గడువులు పెడతాయి. మరికొన్ని జనవరి, ఫిబ్రవరి దాకా ఆగుతాయి. 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. పదిహేనేళ్ల తర్వాత చైనాను దాటి మనం మొదటి స్థానానికి వెళ్లిన ఏడాది అది. వాళ్లలో లక్షా తొంభై ఆరు వేల పైచిలుకు మంది ఎంఎస్, పీహెచ్‌డీ లాంటి పీజీ చదువుల్లో ఉన్నవాళ్లే. ఆ మరుసటేడు మొత్తం సంఖ్య పెరిగింది కానీ పీజీ తరగతుల్లో ఉన్న మనవాళ్లు మాత్రం పదో వంతు దాకా తగ్గారు. గాలి మారుతోందని తెలుస్తూనే ఉంది. అయినా ఊళ్లో ప్రశ్న మారలేదు.

మిర్చి తోటలో సెన్సర్

ఎస్‌ఓపీని అవతల చదివేదెవరు? చాలా చోట్ల ఆ డిపార్ట్‌మెంటులో పాఠాలు చెప్పే ప్రొఫెసర్లే కమిటీగా కూర్చుంటారు. “అత్యాధునిక సాంకేతికతలపై పట్టు సాధించాను” అన్న మాట వాళ్లకు ఏమీ చెప్పదు. ఆ సాంకేతికతలో ఏది పనిచేస్తుందో, ఏది మొరాయిస్తుందో వాళ్లకు తెలుసు కాబట్టి.

పల్నాడు కుర్రాడొకడు ఈసీఈ ఫైనలియర్‌లో మిర్చి తోటలో తడి కొలిచే సెన్సర్ పెట్టాడనుకుందాం. కన్సల్టెన్సీ రాత ఇలా ఉంటుంది: “ఐఓటీ ఆధారిత స్మార్ట్ ఇరిగేషన్ వ్యవస్థను విజయవంతంగా రూపొందించాను.” అదే వాడు కూర్చుని రాసుకుంటే? “సెన్సర్ రెండు వారాలు బాగానే పనిచేసింది. తర్వాత నీళ్లు పెట్టిన రోజు కూడా నేల ఎండిపోయిందనే చెప్పడం మొదలుపెట్టింది. పీకి చూస్తే లోహపు పూత తినేసి ఉంది. మట్టిలోంచి కరెంటు పంపి కొలిచే రకం సెన్సర్లు తడినేలలో ఇలా పాడవుతాయని అప్పుడు చదివి తెలుసుకున్నాను. కెపాసిటెన్స్ కొలిచే రకం కొని మళ్లీ పెట్టాను. ఉప్పు తేలిన నేలలో దాని రీడింగులు కూడా తేడాగా వస్తున్నాయి. ఎంత తేడా అన్నది లెక్కగట్టడం నాకింకా చేతకాలేదు.”

ఈ చివరి వాక్యం రాయడానికే మన పిల్లలు భయపడతారు. చేతకాలేదని ఒప్పుకుంటే సీటు పోతుందనుకుంటారు. కానీ చదువుకోవడానికి వస్తానంటున్నవాడి దగ్గర కమిటీ వెతికేది దాన్నే. వాడి దగ్గర ఒక ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న మీద పనిచేస్తున్న ల్యాబ్ ఏ యూనివర్సిటీలో ఉందో వెతుక్కుని, ఎస్‌ఓపీ రెండో పేజీలో ఆ సంగతి రాస్తే ‘మీ దగ్గరికే ఎందుకు’ అన్నదానికి జవాబు దానంతటదే వచ్చేస్తుంది. ఇంగ్లిష్ కాస్త మోటుగా ఉన్నా ఫర్వాలేదు. తప్పులు ఎవరిచేతనైనా దిద్దించుకోవచ్చు. విషయం మాత్రం వాడిదే కావాలి.

ఇక్కడో చిక్కుంది. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరికే ప్రాజెక్టు కొని, బైండు చేయించి, వైవాకు ముందు రాత్రి బట్టీ పట్టినవాడు పై పేరాలో ఒక్క వాక్యం కూడా రాయలేడు. ఎస్‌ఓపీ డొల్లగా ఉందంటే తప్పు రాసిపెట్టినవాడిదొక్కడిదే కాదు, డొల్లతనం ఏడో సెమిస్టర్లోనే మొదలైంది.

ఉచితం అంటే

అమీర్‌పేట మెట్రో దిగితే తలెత్తిన చోటల్లా కన్సల్టెన్సీల హోర్డింగులే. విజయవాడ, గుంటూరు, కరీంనగర్, వరంగల్ ఏ ఊరికి వెళ్లినా ఇదే. “అప్లికేషన్ ఉచితం, ఎస్‌ఓపీ ఉచితం, లోన్ గ్యారంటీ.” ఆఫీసు అద్దె, ఏసీ, కౌంటర్లో కూర్చున్న నలుగురి జీతాలు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడగడం మనకు మొహమాటం. విదేశాల్లో కొన్ని యూనివర్సిటీలు విద్యార్థిని చేర్పించినందుకు ఏజెంట్లకు కమీషన్ ఇస్తాయి. అప్పు ఇప్పించినందుకు కొన్ని ఫైనాన్స్ సంస్థలూ ఇస్తాయి. అందులో నేరమేమీ లేదు. కానీ మీకిచ్చిన ఎనిమిది పేర్ల జాబితాలో మీ మార్కులకు తగ్గవెన్ని, వాళ్లకు గిట్టుబాటయ్యేవెన్ని అన్నది మీకు తెలియాలి. పక్కింటి మెకానికల్ కుర్రాడికీ మీ అమ్మాయికీ ఒకే జాబితా వచ్చిందంటే అనుమానించాల్సిందే.

కన్సల్టెన్సీలన్నీ మోసమే అనడం తేలిక, న్యాయం కాదు. ఇంట్లో మొదటిసారి పాస్‌పోర్టు తీస్తున్న కుటుంబానికి, బ్యాంకు మేనేజర్ ముందు కూర్చోవాలంటేనే జంకే తండ్రికి, ఫారాలు నింపిపెట్టే మనిషి కావాలి. ఆ సేవకు డబ్బు కట్టి తీసుకోవచ్చు. యూనివర్సిటీని ఎంచుకోవడం, ఎస్‌ఓపీ రాసుకోవడం ఈ రెండు పనులు మాత్రం వాళ్ల చేతిలో పెట్టకూడదు. సలహా కావాలంటే అమెరికా ప్రభుత్వ మద్దతుతో నడిచే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. వాళ్లకు ఏ యూనివర్సిటీ నుంచీ కమీషన్ రాదు.

తెలిసి వెళ్లినా తెలియక వెళ్లినా ఎంపిక తప్పితే ఏమవుతుందో మనవాళ్లకు ఇదివరకే అనుభవమైంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో అమెరికా అధికారుల దాడులు జరిగాయి. విద్యార్థుల్లో అత్యధికులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కట్టడం ఇక్కడ పెద్ద దుమారమైంది. యజమానురాలికి తర్వాత పదహారేళ్ల జైలుశిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ బయటపడింది. దాన్ని పెట్టిందే అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగం, వల వేయడానికి. పట్టుబడిన వంద మందికి పైగా విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగువాళ్లు. చాలామంది అప్పటికే అమెరికాలో ఉండి, పని అనుమతి చేజారకుండా అందులోకి మారినవాళ్లు.

ఫార్మింగ్టన్ విషయంలో గమనించాల్సింది ఒకటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థల జాబితాలో దాని పేరుంది. వెబ్‌సైట్ ఉంది, లోగో ఉంది. లేనివల్లా తరగతులు, పాఠం చెప్పే మనుషులు. “గుర్తింపు ఉందా” అని అడిగినవాడికి ఉందనే జవాబు దొరికేది. “నాకు మొదటి సెమిస్టర్లో పాఠాలు చెప్పేదెవరు, ఆ ప్రొఫెసర్ ఏం ప్రచురించారు, ఈ కోర్సు సోమవారం ఎన్ని గంటలకు” అని అడిగినవాడికి ఏమీ దొరికేది కాదు. డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి ఫ్యాకల్టీ జాబితా, సిలబస్, టైంటేబుల్ చదవడానికి ఒక సాయంత్రం చాలు. మంచి యూనివర్సిటీల మధ్య తేడా తెలిసేది కూడా ఆ సాయంత్రమే. ర్యాంకుల పట్టికలో పక్కపక్కనే ఉన్న రెండు డిపార్ట్‌మెంట్లలో ఒకదానిలో మీ ఆసక్తికి సంబంధించి ఆరుగురు ప్రొఫెసర్లుంటారు, రెండోదానిలో ఒక్కరూ ఉండరు.

కాగితాల కాలం

పరీక్షల గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్‌ఈని రెండు గంటల లోపుకు కుదించారు. కోవిడ్ తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు దాన్ని అడగడమే మానేశాయి, కొన్ని మళ్లీ మొదలుపెట్టాయి. అడిగితేనే రాయండి. టోఫెల్ స్కోరు 2026 జనవరి నుంచి ఒకటి నుంచి ఆరు స్కేలు మీదకు మారింది కాబట్టి అన్నయ్య రాసినప్పటి 120 లెక్కతో పోల్చుకుని కంగారు పడొద్దు.

ట్రాన్‌స్క్రిప్టులతోనే అసలు యాతన. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపిన మెమో), ప్రొవిజనల్, సెమిస్టర్ మెమోలు పట్టుకుని యూనివర్సిటీ పరీక్షల విభాగం కౌంటర్ దగ్గర నిలబడాలి. మెమోలో ఇంటిపేరు ఒక రకంగా, పాస్‌పోర్టులో మరో రకంగా ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు. ఈ తేడా డిసెంబరులో గుర్తిస్తే ఏమీ చేయలేం. కాబట్టి ఆగస్టులోనే అన్ని కాగితాలూ మంచం మీద పరిచి, పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. బ్యాక్‌లాగులుంటే దాచే ప్రయత్నం వద్దు, ట్రాన్‌స్క్రిప్టులో అవి కనబడతాయి. పదికి ఎనిమిది వచ్చిన సీజీపీఏని సొంత సూత్రంతో నాలుగుకు మార్చి రాయకండి. చాలా ఫారాలు మీ యూనివర్సిటీ ఇచ్చిన అంకెనే రాయమంటాయి. మూడేళ్ల బీఎస్సీ, బీకాం చదివినవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఆ యూనివర్సిటీ మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటుందా లేదా అన్నదే. అన్నీ ఒప్పుకోవు.

సిఫార్సు లెటర్ల తంతు అందరికీ తెలిసిందే. “నువ్వే రాసుకురా, సంతకం పెడతా” అంటారు సార్. పాపం, ఒక సెక్షన్లో అరవై మంది, అందులో నలభై మంది అమెరికా ప్రయాణం. ఆయనకూ ఓపిక ఉండదు. కనీసం మీరు చేసిన పని, ఆయన క్లాసులో మీరడిగిన ప్రశ్న, ల్యాబ్‌లో పడ్డ తంటా ఒక పేజీలో రాసి ఇవ్వండి. ఆయన రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. సార్ పేరుతో కొత్త మెయిల్ ఐడీ తెరిచి మనమే అప్‌లోడ్ చేసేయడం మాత్రం ఫోర్జరీ. దొరికితే అడ్మిషన్ అప్పుడే కాదు, డిగ్రీ మధ్యలో కూడా పోతుంది.

ఐ–20లో ఆ నాలుగు గడులు

అడ్మిట్ వచ్చింది, స్వీట్లు పంచారు. తర్వాత వీసాకు కావాల్సిన ఐ–20 పత్రం యూనివర్సిటీ నుంచి వస్తుంది. అందరూ మొదట చూసుకునేది పేరు, ప్రోగ్రాం మొదలయ్యే తేదీ. దాని కింద డబ్బు పట్టిక ఉంటుంది. ఎడమ వైపు ఖర్చులు: ట్యూషన్, జీవన వ్యయం, ఆధారపడినవారి ఖర్చు, ఇతరాలు. కుడి వైపు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో: సొంతం, యూనివర్సిటీ ఇచ్చేది, కుటుంబానిదో మరొకరిదో, క్యాంపస్ ఉద్యోగం. యూనివర్సిటీ ఇచ్చే గడిలో సున్నా ఉంటే మొత్తం భారం నాన్న గడిలోకి వచ్చిందని అర్థం. ఆ పట్టిక ఒక విద్యా సంవత్సరానిది. ఎంఎస్ సాధారణంగా రెండేళ్లు. మొత్తం 45 వేల డాలర్లు ఉందనుకోండి, డాలరు తొంభై రూపాయలైతే ఏడాదికి 40 లక్షల 50 వేలు. రెండో ఏడు విడిగా.

లోన్ లెక్క కూడా ఇంట్లో అందరి ముందూ ఒకసారి వేయాలి. 11 శాతం వడ్డీకి 40 లక్షలు తీసుకుంటే ఏడాదికి వడ్డీయే 4 లక్షల 40 వేలు. మొత్తం మొదట్లోనే తీసుకుని, రెండున్నరేళ్ల మారటోరియంలో ఏమీ కట్టకపోతే బాకీ 51 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 70 వేల పైమాటే. అక్కడ ఉద్యోగం దొరికితే ఇది పెద్ద మొత్తం కాదు. దొరక్క తిరిగొస్తే ఇక్కడి జీతంతో కొండ. చదివేటప్పుడే వచ్చినంత వడ్డీ కడుతూ ఉంటే అసలు పెరగదు. అసలు ఎంత అప్పు చేయొచ్చన్నది అమెరికా జీతం మీద కాక హైదరాబాద్ జీతం మీద లెక్క కడితే రాత్రి నిద్ర పడుతుంది.

పరాయి సొమ్ముతో సముద్రం దాటడం మనకు కొత్తేం కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు వందేళ్ల కిందట హార్వర్డ్‌కు వెళ్లడానికి మామగారు కూడబెట్టిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం ఆసరా అయ్యాయి. బోస్టన్‌లో దిగాక ఆసుపత్రిలో రాత్రి పోర్టరు పని చేసుకున్నారు. ఈరోజు ధర్మసంస్థల చోటును ప్రభుత్వ పథకాలు తీసుకున్నాయి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరుతో, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఉన్న విదేశీ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది, మైనారిటీలకు విడిగా మరో పథకం ఉంది. కుటుంబ ఆదాయ పరిమితి దాటనివాళ్లు నోటిఫికేషన్ కోసం ఈపాస్ పోర్టల్ చూస్తూ ఉండాలి. పని అనుభవం ఉన్నవాళ్లకు ఫుల్‌బ్రైట్–నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ మరో దారి.

మన ఇళ్లలో ఎవరూ ఎత్తని మాట పీహెచ్‌డీ. “పీహెచ్‌డీనా? అయితే పెళ్లెప్పుడు?” అంటారు. అమెరికాలో సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీకి బీటెక్‌తోనే నేరుగా దరఖాస్తు చేయొచ్చని, చేరినవాళ్లకు సాధారణంగా ట్యూషన్ మాఫీ చేసి నెలనెలా స్టైపెండ్ ఇస్తారని, లక్షలు అప్పు చేస్తున్న చాలామందికి ఎవరూ చెప్పరు. చెప్పేవాడికి కమీషన్ రాదు మరి. ఐదారేళ్లు ఒకే ప్రశ్నతో కాపురం చేయగలిగినవాళ్లకే ఆ దారి. డబ్బు మిగులుతుందని వెళ్తే మూడో ఏడాదికి నీరసం వస్తుంది. పైగా 2025లో ఫెడరల్ పరిశోధన నిధులకు కోత పడి కొన్ని యూనివర్సిటీలు సీట్లు తగ్గించాయి. అయినా మిర్చి తోట కుర్రాడిలాంటివాడు ఆ దారి ఉందని తెలుసుకుని కాదనుకోవాలి, తెలియక కాదు. అసిస్టెంట్‌షిప్పో ఫెలోషిప్పో ఆఫర్ వచ్చినవాళ్లకు ఇంకో మాట. ‘రేపటిలోగా జవాబు చెప్పు’ అని ఎవరైనా తొందరపెడితే, ఫాల్ ఆఫర్లకు ఏప్రిల్ 15 దాకా సమయమివ్వాలని అమెరికాలో వందలాది యూనివర్సిటీలు చేసుకున్న ఒప్పందం ఉందని మర్యాదగా గుర్తుచేయొచ్చు.

అప్పే భయమైతే జర్మనీ ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ లేదు. బాడెన్‌–వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి బయటిదేశాలవాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఈమధ్య ఫీజు పెట్టింది. ఏడాది ఖర్చు 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్లో చూపించాలి. 2022 నవంబరు నుంచి, మన డిగ్రీలు నిజమైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. అది రావడానికి టైం పడుతుంది. అక్కడ సబ్జెక్టులను క్రెడిట్లతో సహా సరిపోల్చి చూస్తారు. కంప్యూటర్స్ చదవని సివిల్ విద్యార్థికి డేటా సైన్స్ సీటు అమెరికాలో దొరికినంత తేలిగ్గా దొరకదు. భాష రాకపోతే ఉద్యోగం కష్టం. హోర్డింగుల మీద ఈ చివరి ముక్క ఉండదు.

నానక్‌రామ్‌గూడ కౌంటర్

2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడ కొత్త భవనానికి మారింది. వెళ్లేముందు చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, వీసా వస్తే నూటెనిమిది అన్నది మారలేదు. దేవుడి పని దేవుడు చేస్తాడు. కౌంటర్ దగ్గర రెండు మూడు నిమిషాల్లో తేలేది మాత్రం మొదటి ప్రశ్నతోనే: ఈ యూనివర్సిటీయే ఎందుకు? కోచింగ్‌లో బట్టీ పట్టించిన జవాబును ఆ అధికారి పొద్దుటి నుంచి ఎంతోమంది నోట విని ఉంటాడు. ఎస్‌ఓపీ తనే రాసుకున్న పిల్ల దగ్గర బట్టీ పట్టాల్సిన జవాబే ఉండదు, నవంబరులో రాసిందే మళ్లీ చెబుతుంది.

2025 మేలో విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త స్లాట్లు కొన్ని వారాలు ఆపేశారు. జూన్‌లో తిరిగి తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌గా పెట్టాలన్నారు. సెప్టెంబరులో కొత్త హెచ్‌–1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన వచ్చింది. చదువు ముగించుకుని అమెరికాలోనే స్టేటస్ మార్చుకునేవారికి అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. ఎక్కువ జీతమున్నవారికి అవకాశం పెరిగేలా లాటరీ పద్ధతినీ మార్చారు. సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీలవారికి చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద మొత్తం మూడేళ్లు పనిచేసే వీలు ఇప్పటికి ఉంది. ఇప్పటికి అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి, అప్పు తీర్చే ప్లానంతా ఆ మూడేళ్ల మీద కట్టినవాళ్లయితే మరీను.

వీసా రాకపోతే సాధారణంగా అమెరికా వలస చట్టం 214(బీ) సెక్షన్ కింద కాగితం చేతిలో పెడతారు. ప్రతి దరఖాస్తుదారూ అక్కడే ఉండిపోవాలని వస్తున్నాడనే చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని చూపించాల్సిన బాధ్యత మనదే. దాని మీద అప్పీలు లేదు, మళ్లీ దరఖాస్తు చేయొచ్చు. అవే కాగితాలు, అదే జవాబు తీసుకుని వారంలో మళ్లీ వెళ్లడం వృథా. వీసా ఫీజు 185 డాలర్లు కొత్తగా కట్టాల్సిందే. విదేశీ విద్యార్థుల రికార్డుల వ్యవస్థ సెవిస్‌కు కట్టే 350 డాలర్లు మాత్రం ఏడాదిలోపు అదే రకం వీసాకు వెళ్తే రెండోసారి అక్కర్లేదు. యూనివర్సిటీకి ఆ వారమే మెయిల్ పెడితే చాలా చోట్ల అడ్మిషన్‌ను జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌కో, వచ్చే ఫాల్‌కో మారుస్తారు. అసిస్టెంట్‌షిప్ కూడా అప్పటిదాకా ఉంటుందనుకోకూడదు, దాని గురించి డిపార్ట్‌మెంటుకు విడిగా రాయాలి.